ఇరవై రెండేళ్ళ పాట

రాక్ సంగీతం అంటే మన పెద్దవాళ్ళకి గోల, మనలో కొందరికి ఫ్యాషను. ఆ రెండు మాటలూ కాసేపు పక్కన పెట్టి, ఇరవై రెండేళ్ళకే కన్నుమూసిన ఒక కుర్రాడి కథ ఈ సంచిక పాఠకులకి చెబుదామని నా ప్రయత్నం. అతని పేరు బడ్డీ హాలీ. కచేరీ ఆ రాత్రితో అయిపోతుంది. కానీ చూసినవాడి మనసులో అది ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి జీవితం నాకు కనిపించలేదు.

హాలీ 1936 సెప్టెంబరు 7న అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని లబ్బక్‌లో పుట్టాడు. చుట్టూ చదునైన నేల, కనుచూపు మేర ప్రత్తి చేలు. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాణ్ణి గనక, అలాంటి ఊళ్ళో కుర్రాడికి పెద్ద నగరాలు ఎంత దూరంగా కనిపిస్తాయో నేను ఊహించుకోగలను. నలుగురు పిల్లల్లో కడసారివాడు. ఇంట్లో డబ్బు తక్కువే గానీ పాటకి లోటు లేదు. అన్నలని చూసి గిటారు పట్టాడు. 1955లో ఎల్విస్ ప్రెస్లీ లబ్బక్ వచ్చి పాడితే చూశాడు. ఆ ఏడాదే అదే ఊళ్ళో ఎల్విస్ కచేరీకి ముందు తనూ పాడాడు. అంటే ఇతని కథ కూడా ప్రేక్షకుడిగానే మొదలయిందన్నమాట.

1956లో ఒక పెద్ద రికార్డు కంపెనీ అవకాశం ఇచ్చింది. పాటలు ఆడలేదు, ఒప్పందం అక్కడితో సరి. ఇంకొకడైతే ఊరికి తిరిగొచ్చి వేరే పని చూసుకునేవాడు. హాలీ మాత్రం మిత్రులని వెంటేసుకుని, పక్క రాష్ట్రం న్యూమెక్సికోలోని క్లోవిస్ అనే చిన్న ఊరి స్టూడియోకి వెళ్ళాడు. 1957 ఫిబ్రవరిలో అక్కడ ‘దట్‌ల్ బి ది డే’ రికార్డు చేశారు. పాత ఒప్పందం ప్రకారం ఆ పాటని మళ్ళీ తన పేరుతో పాడకూడదు. అందుకని బృందం పేరుతో విడుదల చేశారు. ఆ పేరు ‘క్రికెట్స్’, అంటే మన కీచురాళ్ళు! సెప్టెంబరు కల్లా ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

ఆ రోజుల్లో ఒకరు రాస్తే మరొకరు పాడటం మామూలు. హాలీ తన పాటలు చాలావరకు తనే రాసుకున్నాడు, తన బృందంతోనే వాయించాడు. స్టూడియోలో వీళ్ళు చేసినవి మా సైన్సు విద్యార్థుల ప్రయోగాల్లాగే ఉంటాయి. ఒక పాటలో తన గొంతు మీద తన గొంతునే మళ్ళీ రికార్డు చేయించాడు. ‘ఎవ్రీడే’ పాటకి డ్రమ్ములు వద్దనుకుని, డ్రమ్మరు మోకాళ్ళ మీద చేతులతో తాళం వేశాడు.

1958 మార్చిలో ఈ బృందం ఇంగ్లండు వెళ్ళి దాదాపు నెలరోజులు ఊరూరా పాడింది. లండన్‌లోని వూలిచ్‌లో చూసినవాళ్ళలో పద్నాలుగేళ్ళ మిక్ జాగర్ ఉన్నాడు. తర్వాత అతని రోలింగ్ స్టోన్స్ బృందం 1964లో హాలీ పాటనే తమ రికార్డుగా తెచ్చింది. లివర్‌పూల్‌లో జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ టీవీలో హాలీ వేళ్ళని గమనించి గిటారు పట్లు నేర్చుకున్నారు. ఆ ఏడాదే వాళ్ళ కుర్రజట్టు మొదటిసారి రికార్డు చేసుకున్న పాట ‘దట్‌ల్ బి ది డే’. కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడే లెనన్‌కి, హాలీ నల్ల ఫ్రేము కళ్ళజోడు పెద్ద ధైర్యమట! కీచురాళ్ళకి జతగా ఇంకో పురుగు పేరు వెతుక్కుంటేనే బీటిల్స్ అనే పేరు పుట్టింది.

1958 ఆగస్టులో హాలీ పెళ్ళి చేసుకున్నాడు. కొద్దిరోజులకే మేనేజరుతో తగాదా వచ్చి, రావలసిన డబ్బు నిలిచిపోయింది. చేతిలో డబ్బు ఆడక 1959 జనవరిలో ఒక యాత్రకి ఒప్పుకున్నాడు. నడిచలికాలంలో రోజుకో ఊరు, హీటరు పనిచెయ్యని బస్సు. జనవరి 31న డులూత్‌లో పాడాక, తర్వాతి ఊరికి పోతుంటే బస్సు దారిలో ఆగిపోయింది. చలికి డ్రమ్మరు కాళ్ళు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు.

ఫిబ్రవరి 2న అయోవా రాష్ట్రంలో క్లియర్ లేక్ కచేరీ అయ్యాక, ఇక బస్సు వద్దని హాలీ చిన్న విమానం మాట్లాడాడు. పైలట్ కాక మూడు సీట్లు. జ్వరంతో ఉన్న తోటి గాయకుడు రిచర్డ్‌సన్‌కి వేలన్ జెన్నింగ్స్ తన సీటు ఇచ్చాడు. ఇంకో సీటుకి బొమ్మా బొరుసూ వేస్తే పదిహేడేళ్ళ రిచీ వాలెన్స్ గెలిచాడు. అర్ధరాత్రి దాటాక బయలుదేరిన విమానం కొద్ది నిమిషాల్లోనే ఒక రైతు పొలంలో కూలింది. నలుగురూ పోయారు. పైలట్‌కి ఇరవయ్యొక్కటి. మంచు కురిసే చీకట్లో పరికరాల్నే నమ్మి నడిపే అర్హత అతనికి లేదు. పైగా విమానం ముక్కు పైకుందో కిందికుందో చూపే పరికరం, అతనికి అలవాటైన దానికి తిరకాసుగా చూపేది. ప్రమాదానికి ఇవే కారణాలని దర్యాప్తు తేల్చింది. పాఠం చెప్పే లెక్చరర్లూ, ప్రాక్టికల్స్‌ని తేలిగ్గా తీసుకునే మనమూ ఆగి ఆలోచించవలసిన సంగతి ఇది.

ఆ సాయంత్రం వాళ్ళు పాడవలసిన మూర్‌హెడ్‌లో కచేరీ ఆపలేదు. ఆ లోటు పూడ్చడానికి స్థానిక కుర్రాళ్ళు వేదికెక్కారు. వాళ్ళలో పాడిన బాబీ వీకి పదిహేనేళ్ళు. తర్వాత అతనూ పేరున్న గాయకుడయ్యాడు.

ఇక డులూత్ సంగతి. ఆ రాత్రి జనంలో పదిహేడేళ్ళ కుర్రాడొకడు హాలీకి బాగా దగ్గరగా నిలబడి చూశాడు. మూడు రోజులు తిరిగేసరికి హాలీ లేడు. ఆ కుర్రాడే బాబ్ డిలన్. 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి వచ్చాక, 2017లో ఇచ్చిన ఉపన్యాసాన్ని అతను హాలీతోనే మొదలుపెట్టాడు. అప్పటికి ఆ కచేరీ జరిగి యాభై ఎనిమిదేళ్ళు!

మొదటి విజయానికీ మరణానికీ మధ్య హాలీకి దొరికింది రెండేళ్ళు కూడా కాదు, మన డిగ్రీ చదువు కంటే తక్కువ. ఆ చలిరాత్రి ఒళ్ళు అలిసిపోయి ఉంది, జేబులో డబ్బు లేదు, ఎదురుగా ఎవరున్నారో తెలియదు. అయినా అరకొరగా పాడి సరిపెట్టుకోలేదు. సరిపెట్టుకుని ఉంటే ఆ కుర్రాడు ఏం పట్టుకెళ్ళేవాడు?