బూర్గుల రామకృష్ణారావు

హైదరాబాదు రాష్ట్రంలో 1952 సార్వత్రిక ఎన్నికల అనంతరం ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు 1899లో మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి తాలూకా పడకల్లు గ్రామంలో జన్మించారు. వారి ఇంటిపేరు పుల్లంరాజు. స్వగ్రామమైన బూర్గుల పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. పూనా ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులై, బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి, హైదరాబాదులో న్యాయవాదిగా రాణించారు. బహుభాషా పండితులైన వారు సౌందర్యలహరిని తెలుగులోకి అనువదించారు.

నిజాం పాలనలో తెలుగువారికి మాతృభాషలో చదువు దుర్లభంగా ఉండేది. ఆ కాలంలో, 1931లో, నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన ఆంధ్ర మహాసభకు వారు అధ్యక్షత వహించారు. 1950లో వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ, విద్యాశాఖలను నిర్వహించారు.

చదువుతోపాటు కొలువుల ప్రశ్న కూడా పెరిగింది. ప్రభుత్వోద్యోగాలు స్థానికులకే దక్కాలన్న ముల్కీ నిబంధనలు 1919 నుండి అమలులో ఉండేవి. అయితే 1948 పోలీసు చర్య తరువాత పరిపాలన నిమిత్తం ఇతర ప్రాంతాల ఉద్యోగులను రప్పించారు. కొందరు తప్పుడు ముల్కీ పత్రాలతో కొలువులు పొందుతున్నారన్న ఆరోపణలు వచ్చాయి. పట్టాలు చేతబట్టుకొన్న స్థానిక యువకులకు ఇది అన్యాయంగా తోచింది. కొలువులో చేరి పనిచేస్తున్నవారిని ఒక్క కలంపోటుతో పంపివేయడమూ న్యాయమనిపించుకోదు. ఈ చిక్కుముడి ముఖ్యమంత్రి బూర్గుల ఎదుటికి వచ్చింది.

1952లో వరంగల్లులో మొదలైన విద్యార్థుల ఆందోళన రాజధానికి పాకింది. ప్రభుత్వం మంత్రివర్గ ఉపసంఘాన్ని నియమించింది. కాని విద్యార్థుల ఓర్పు అప్పటికే నశించింది. సెప్టెంబరు 3, 4 తేదీలలో హైదరాబాదులో జరిగిన పోలీసు కాల్పులలో పలువురు మరణించారు. న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డి చేత విచారణ జరిపించినా, విద్య కోసం పాటుపడిన నాయకుని పాలనలో విద్యార్థులపై తుపాకి పేలిందన్న మచ్చ మాసిపోలేదు.

ఆంధ్రతో విలీనం విషయంలోనూ వారు తొలుత సందేహించారు. విద్యలో ముందున్న ప్రాంతంవారితో పోటీపడి తెలంగాణ యువకులు ఉద్యోగాలు పొందలేరన్న భయం అప్పట్లో ప్రజలలో బలంగా ఉండేది. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసినవారిలో బూర్గుల ఒకరు. తెలంగాణలోని ఉద్యోగాలకు 12 సంవత్సరాల నివాసం వంటి నియమం వర్తించాలనీ, ఉద్యోగులను తగ్గించక తప్పకపోతే ఇరుప్రాంతాల నుండీ దామాషా ప్రకారమే తగ్గించాలనీ అందులో వ్రాసుకొన్నారు. ఆ మాట నిలబడలేదన్న ఆవేదనే 1969 ఉద్యమానికి ఒక కారణమైంది.

ఆంధ్రప్రదేశ్ అవతరణతో ముఖ్యమంత్రి పదవిని వదలుకొన్న బూర్గుల, అనంతరం కేరళ, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి, 1967లో కన్నుమూశారు. హైదరాబాదులో ఒక ప్రభుత్వ కార్యాలయ భవనానికి వారి పేరు పెట్టారు. కొత్త సచివాలయం 2023లో ప్రారంభమయ్యేవరకు తెలంగాణ సచివాలయోద్యోగులు కొన్నేండ్లు ఆ భవనంలోనే పనిచేశారు.