తుపాకీ పట్టకముందు కుమ్రం భీం



ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జైపూర్‌లోని మా హాస్టల్‌లో కుమ్రం భీం నాటకం వేయిస్తాం. ఆ రోజు కట్టెలే తుపాకులు, మంచాలే జోడేఘాట్ గుట్టలు. భీం దళంలో చేరడానికి పిల్లలంతా ఎగబడతారు. ఆయన దరఖాస్తు పట్టుకొని హైదరాబాద్ పోయే సీను వచ్చేసరికి మాత్రం ఎవరూ ముందుకు రారు. అందులో కొట్లాట లేదని వాళ్ల బాధ. అందుకే ఆయన కథ మొదటి నుంచీ చెబుతున్నాం.

భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. తండ్రి చిన్ను పోయాక ఇంటిల్లిపాదీ సుర్దాపూర్ చేరి అడవి కొట్టి సేద్యం చేసుకున్నారు. పంట చేతికొచ్చే వేళకు ఆ భూమి తనదంటూ సిద్ధిఖ్ అనే పట్టాదారు వచ్చాడు. ఆ గొడవలో భీం దెబ్బకు అతను చనిపోయాడు. భీం ఊరు విడిచి చాందా వైపు వెళ్లిపోయాడు.

అక్కడ ప్రెస్సు నడిపే విఠోబా దగ్గర పనికి కుదిరి చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలీగా కొన్నేళ్లు గడిపాడు. తిరిగొచ్చి కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర ఉన్నప్పుడు ఆయన భూమి కేసు గెలవడానికి సాయపడ్డాడు. కాగితం బలం ఏమిటో భీంకు అక్కడే అర్థమైంది.

ఆ తర్వాత బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ 12 గూడేల్లో మనవాళ్లు పోడు చేసుకుంటుంటే అటవీ సిబ్బంది కేసులు పెట్టారు, గుడిసెలు కూల్చారు. పశువులు మేపినా పన్నే, కట్టె తెచ్చినా జరిమానానే. భీం ముందు అధికారులను అడిగాడు. నిజాంకు చెప్పుకుందామని హైదరాబాద్ దాకా పోయాడు. దర్శనం దొరకలేదు. ఖాళీ చేతులతో తిరిగొచ్చాకే గోండు, కోలాం యువకులను కూడగట్టాడు. వాళ్లు నిన్నటిదాకా నాగలి పట్టినవాళ్లు, పశువులు కాసినవాళ్లు. నీళ్లు, అడవి, భూమి మీద తమ హక్కు కోసం బర్మార్లు, బరిసెలు పట్టారు.

1940లో పోలీసులు జోడేఘాట్‌ను చుట్టుముట్టారు. భీం, ఆయనతోపాటు మరికొందరు అక్కడే నేలకొరిగారు. జాడ చెప్పింది మనలోని మనిషేనని పెద్దలు అంటారు. మా నాటకంలో ఆ వేషమూ ఎవరికీ వద్దు.

తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. మార్లవాయిలో 1943లో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. మనవాళ్లకు భూమి పట్టాలూ అందాయి. ట్రైనింగ్ చేసి ఈ కొలువుకొచ్చిన మేము, మాకు ఆ దారి వేసింది జోడేఘాట్ నెత్తురేనని నమ్ముతాం.

నిరుడు దరఖాస్తు సీను ఎనిమిదో తరగతి చెల్లె ఒకామె చేసింది. చేతిలో కాగితంతో మూసిన తలుపు ముందు చాలాసేపు నిలబడింది. ఈలలు వేస్తున్న పిల్లలు కూడా మెల్లగా సద్దుమణిగారు. మర్నాడు పొద్దున ఒక తండ్రి హాస్టల్‌కు వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, అందులో ఏముందో చదివి చెప్పమన్నాడు. అది ఆయన పోడు పట్టా దరఖాస్తుకు వచ్చిన జవాబు. సర్వే నంబరు తప్పుపడిందని, గడువులోగా సరిచేసుకోవాలని అందులో ఉంది. ఆ కాగితం మూడు నెలలుగా ఆయన జేబులోనే ఉందట. గడువుకు ఇంకా ఆరు రోజులే ఉంది. ఆ చెల్లెతోనే కొత్త దరఖాస్తు రాయించి, ఆ వారంలోనే ఇచ్చి వచ్చాం.

జైపూర్‌లో ఇప్పుడు సింగరేణి కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. బొగ్గు కింద, అడవి పైన, మధ్యలో మన భూములు. ఈ పౌర్ణమికి మీ గూడెంలోనూ నాటకం వేయండి. కట్టె తుపాకులు ఎత్తండి, తప్పులేదు. తెల్లారి మాత్రం ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచి, తాతలు దాచిన కాగితాలన్నీ ఒక్కొక్కటి చదివి అమ్మానాన్నలకు చెప్పండి.

కుమ్రం భీంకు జోహార్లు.