శస్త్రవైద్యాచార్యుడు అల్ జహ్రావీ

పెదవిపై చిన్న పుండు లేచినను భోజనము, సంభాషణము రెండును కష్టమగును. ఇట్టి అల్పబాధలను సైతము ఉపేక్షింపక, వేయి యేండ్ల క్రిందటనే తన శస్త్రవైద్య గ్రంథమున వానికి చోటిచ్చిన మహనీయుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ. ఆయన చరిత్రమును మేమిట క్లుప్తముగా మనవి చేయుచున్నాము.

స్పెయిన్ దేశమందలి కొర్దోబా సమీపమున ఖలీఫా మూడవ అబ్దుర్ రహ్మాన్ 936 ప్రాంతమున నిర్మింప నారంభించిన మదీనతుజ్ జహ్రా ఆయన స్వస్థలము. జహ్రావీ యను పేరు ఆ ఊరిని బట్టియే వచ్చినది. 1000 ప్రాంతమున పూర్తియైన ఆయన గ్రంథము 'అత్తస్రీఫ్' ముప్పది భాగముల వైద్యసర్వస్వము. కడపటి భాగము శస్త్రచికిత్సకే కేటాయింపబడినది. అందు సుమారు 200 పనిముట్ల చిత్రములు గలవు.

పెదవి పగుళ్లు మానకున్నచో, కత్తి అంచువలె పలుచనైన చిన్న ఇనుప పనిముట్టును కాల్చి వాత పెట్టి, పిదప మైనము, నూనె కలిపిన లేపనము పూయవలెనని ఆయన బోధించిరి. వాత యనగానే పాఠకులు ఉలికిపడవచ్చును! నేటి చర్మవైద్యులు విద్యుత్తుతో చేయు దహనచికిత్సయు ఆ కోవకు చెందినదే. పెదవి లోపల గింజలంతటి గట్టి కాయలు లేచినచో, పెదవిని వెలికి మడిచి, ఒక్కొక్క కాయపై కోసి, కొక్కెముతో పట్టి, చుట్టును విడదీసి తొలగించి, రక్తమును అరికట్టు పొడి అద్దవలెనని విధానము నిర్దేశించిరి.

అయితే మాకు మిక్కిలి గొప్పగా తోచినది ఆయన చేతినేర్పు కాదు, నిగ్రహము. పుట్టకురుపు ఆరంభదశలో నుండి, పూర్తిగా తీయుటకు వీలైన చోట ఉన్నచో కోయవచ్చుననియు, ముదిరి పెరిగినదానిని తాకరాదనియు ఆయన హెచ్చరించిరి. అట్టిదానిని తాను నయము చేయలేదనియు, ఇతరులు చేయగా చూడలేదనియు నిస్సంకోచముగా వ్రాసికొనిరి. ఒక అజ్ఞాన వైద్యుడు స్త్రీ మెడమీది గడ్డను కోయబోయి రక్తనాళములు తెగగొట్టగా, ఆమె అక్కడికక్కడే మరణించిన ఉదంతమును పీఠికలోనే ఉంచిరి. శరీరనిర్మాణము నెరుగనివాడు కత్తి పట్టరాదని ఆయన నిశ్చయము.

ఏ కాయ నిరపాయమో, ఏది కాన్సరో కంటితోను వ్రేలితోను నిర్ణయింపవలసిన కాలమది. నేడు తొలగించిన ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. ఎండ, పొగాకుల వలన క్రింది పెదవిపై ఏర్పడి ఎన్నటికిని మానని పుండును ఆరంభముననే కోసివేసినచో చాలమంది స్వస్థులగుదురు.

ఆయన సుమారు 1013లో మరణించిరి. అంతకు మూడేండ్ల ముందే అంతఃకలహములలో ఆయన స్వస్థలము ధ్వంసమైనది. 12వ శతాబ్దమున క్రెమోనా వాసి గెరార్డ్ టొలేడో నగరమున ఈ శస్త్రభాగమును లాటిన్ భాషలోనికి అనువదించెను. 1363లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు గీ ద షోలియాక్ తన గ్రంథమున దీనిని పలుమార్లు ప్రమాణముగా గైకొనెను. 1497లో వెనిస్ నగరమున ఇది అచ్చుపడెను.