నీటి విలువ నెరిగిన మహనీయులు – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ప్రకృతి సంపదను పొదుపు చేయడమంటే దానిని వాడకుండా దాచిపెట్టడమని చాలామంది తలుస్తారు. ఉన్నదానిని వృథా కానీయక, పదిమందికీ న్యాయంగా అందేటట్లు చూడడమే నిజమైన పొదుపని ఆచరణలో నిరూపించిన మహనీయులు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు.

వారి పూర్వీకులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామానికి చెందిన తెలుగువారు. ఆ కుటుంబం మైసూరు సీమకు తరలివచ్చి, నందికొండల చెంతనున్న ముద్దేనహళ్ళిలో స్థిరపడింది. అక్కడ శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు విశ్వేశ్వరయ్య గారు సెప్టెంబరు 15న జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయిన ఆయన బెంగళూరు చేరి, పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టా పొందారు. పూనాలో ఇంజనీరింగ్ విద్య ముగించి 1884లో బొంబాయి ప్రభుత్వ సేవలో చేరారు.

పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయంలో వర్షాకాలపు వరద నీరు మత్తడి మీదుగా పొర్లిపోయేది. దానిని నిలుపుకోవడానికి ఆనకట్ట ఎత్తు పెంచాలంటే అపారమైన వ్యయం. విశ్వేశ్వరయ్య గారు మత్తడికి స్వయంచాలిత తలుపులను రూపొందించి 1903లో అమర్చారు. నీరు నిర్ణీత మట్టాన్ని దాటగానే ఆ తలుపులు వాటంతట అవే తెరచుకొంటాయి. మట్టం తగ్గగానే మూసుకొంటాయి. కట్ట ఎత్తు పెంచకుండానే సుమారు 8 అడుగుల నీరు అదనంగా నిలిచింది.

నిలిచిన నీటిని పంచడం అంతకంటె కష్టమైన పని. దక్కను కాలువల క్రింద ఎగువ రైతులు చెరకు తోటలకు విచ్చలవిడిగా నీరు పెట్టేవారు. దిగువ పొలాలకు నీరు చాలేది కాదు. మితిమీరిన తడి వలన నేల సారమూ చెడేది. విశ్వేశ్వరయ్య గారు ఆయకట్టును బ్లాకులుగా విభజించి, ఎక్కువ నీరు కోరే పంటలను, కొద్దిపాటి తడితో పండే పంటలను వంతులవారీగా వేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. రైతులు మొదట శంకించి ఎదురుతిరిగినా, ఆయన వారితో సమావేశమై ఓపికగా వివరించి ఒప్పించారు.

1908 సెప్టెంబరు 28న మూసీ నది ఉప్పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై 1909లో అక్కడికి వెళ్ళిన విశ్వేశ్వరయ్య గారు, నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరదను అక్కడే ఆపాలని సూచించారు. ఆ సూచన ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ముంచెత్తిన నదీజలమే ఆ నగరానికి త్రాగునీరయింది.

1909లోనే మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరుగాను, 1912లో దివానుగాను ఆయన బాధ్యతలు స్వీకరించారు. కావేరిపై కన్నంబాడి వద్ద 1911లో ప్రారంభమైన కృష్ణరాజసాగరం 1931లో పూర్తయింది. మండ్య ప్రాంతపు మెట్టభూములకు సాగునీరు, శివనసముద్రం విద్యుత్ కేంద్రానికి నిలకడైన ప్రవాహం లభించాయి. ఆ జలాశయం కోసం ఊళ్ళను వదలి వెళ్ళిన వారి త్యాగాన్నీ మనం విస్మరించరాదు.

మన బెంగళూరు కూడా ఆయనకు ఋణపడి ఉన్నది. ఆయన అధ్యక్షత వహించిన సంఘం సిఫారసు మేరకు, అర్కావతి నదిపై తిప్పగొండనహళ్ళి వద్ద చామరాజసాగరం నిర్మితమై 1933 నుండి నగరం దాహం తీర్చింది. అర్కావతి పుట్టినది ఆయన స్వగ్రామానికి చేరువనున్న నందికొండలలోనే. కాలక్రమంలో ఆ నదికి నీరందించే వాగులు కట్టడాలకు బలియయ్యాయి. బోరుబావులు భూగర్భజలాన్ని తోడివేశాయి. మురుగు వచ్చి కలిసింది. 2012లో నగరానికి ఆ నీటి సరఫరా ఆగిపోయింది. కట్ట చెక్కుచెదరలేదు, చెడినది దానికి నీరు తెచ్చే నది. ఎంతటి ఇంజనీరు కట్టిన ఆనకట్ట అయినా, ఎగువ నేలను ప్రజలు కాపాడుకోనిదే నిండదు.

ఈనాడు మన కుళాయిలలోని కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి పంపులతో ఎత్తుకు ఎక్కించబడి వస్తున్నది. కనుక నీటిని వృథా చేసినవారు విద్యుత్తునూ వృథా చేసినట్లే. 2024 వేసవిలో వేలాది బోరుబావులు ఎండిపోగా, త్రాగునీటితో వాహనాలు కడిగితే 5000 రూపాయల జరిమానా విధించవలసి వచ్చింది. జరిమానాకు వెరచి చేసే పొదుపు వేసవితోనే ముగుస్తుంది. అలవాటుగా మారినదే నిలుస్తుంది.

1955లో భారతరత్న పురస్కారం అందుకొన్న విశ్వేశ్వరయ్య గారు, నూరేళ్ళు దాటిన నిండు జీవితం గడిపి, 1962 ఏప్రిల్ 14న ఈ నగరంలోనే కన్నుమూశారు.

ప్రియ విద్యార్థులారా! ఏటా ఆయన జన్మదినాన ఇంజనీర్ల దినోత్సవం జరుపుకొంటున్నాము. పటానికి పూలమాల వేయడంతో మన కర్తవ్యం తీరదు. కారుతున్న కుళాయిని బాగుచేయించండి. కూరగాయలు కడిగిన నీటిని మొక్కలకు పోయండి. ఇంటి కప్పుపై పడిన వాననీటిని తొట్టిలోనికో, ఇంకుడుగుంతలోనికో మళ్ళించమని పెద్దలను కోరండి. మీ వీధి చివరి ఇంటికి కూడా నీరు అందాలన్న తలంపుతో కుళాయి విప్పండి. కాలువ చివరి రైతును మరువని ఆ మహనీయునికి అదే తగిన నివాళి.