డాక్టరు సెమ్మెల్వైస్

మన ఆర్మూరు ప్రాంతమున పసుపు చేలో ఆకు కోయునప్పుడు కొడవలి తగిలి వ్రేలు తెగినచో, పెద్దలు వెంటనే గాయముపై చిటికెడు పసుపు అద్దుదురు. ఆ కొడవలికి పూర్వమే యేమి యంటియుండెనో యని విచారించువారు అరుదు. అట్టి విచారణ చేసి, సత్యము కనుగొని, దాని కొరకే కష్టముల పాలైన యొక వైద్యుని చరిత్ర యిది.

ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన హంగరీ దేశమందలి బుడా పట్టణమున జన్మించెను. తండ్రి సుగంధద్రవ్యములును వెచ్చములును అమ్ము వర్తకుడు. మన పసుపు వర్తకులకు దూరపు చుట్టమనవచ్చును. కుమారుడు న్యాయశాస్త్రము చదువ వియన్నా నగరమునకు బోయి, త్వరలోనే దానిని విడిచి వైద్యవిద్యలో చేరెను. 1846లో ఆ నగరపు పెద్దాసుపత్రిలో ప్రసూతిశాలకు సహాయ వైద్యుడయ్యెను.

అచ్చట ప్రసూతిశాలలు రెండు. మొదటిదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పని నేర్చుచుండిరి. మొదటిదానిలో నూటికి ఇంచుమించు పదిమంది బాలింతలు చనిపోవుచుండగా, రెండవదానిలో ఆ సంఖ్య సగటున నాలుగునకు మించలేదు. చంపునది సూతికాజ్వరము. ఈ సంగతి నగరమెల్ల నెరుగును. తమ్ము మొదటి శాలకు పంపవలదని పేద స్త్రీలు మోకరిల్లి వేడుకొనుచుండిరి. గాలి దోషమని పెద్దలనిరి. కాని రెండు శాలలకును గాలి యొక్కటే గదా! మరణశయ్యపై నున్నవారి యొద్దకు గంట మ్రోగించుచు వచ్చు పాదిరిగారిని చూచి స్త్రీలు భయపడి జ్వరము తెచ్చుకొనుచున్నారేమో యని, ఆయనను గంట లేకుండ వేరు త్రోవను రమ్మనిరి. మరణములు తగ్గలేదు.

1847 మార్చిలో సెమ్మెల్వైస్ వెనిస్ నగరము చూచి తిరిగివచ్చుసరికి, మిత్రుడగు ఆచార్య కొలెట్ష్కా మరణించియుండెను. శవపరీక్ష నేర్పుచుండగా శిష్యుని కత్తి అతని వ్రేలికి తగిలెను. గాయము మిక్కిలి చిన్నది. విషము రక్తమున ప్రవేశించుటకు అది చాలినది. (నేడు ఆసుపత్రులలో నర్సులు చేతితొడుగులు ధరించుటయు, వాడిన సూదికి మరల మూత పెట్టక గట్టి డబ్బాలో వేయుటయు ఇట్టి గాయమునకు వెరచియే. హెపటైటిస్ బి, ఎచ్.ఐ.వి. క్రిములు ఒక్క సూదిపోటుతో ఒకరి రక్తమునుండి వేరొకరికి సోకగలవు.) మిత్రుని దేహమును పరీక్షించినవారి వ్రాతలో సెమ్మెల్వైస్ కంటికి కనబడినవి బాలింతల దేహములలో తాను నిత్యము చూచు లక్షణములే. మిత్రునకు విషము తెచ్చినది కత్తి. బాలింతలకు తెచ్చినదేది? శవపరీక్ష గదినుండి తిన్నగా ప్రసూతిశాలకు వచ్చు వైద్యుల చేతులు! వానిలో తన చేతులును గలవు. ప్రతి ఉదయము శ్రద్ధతో శవములను పరీక్షించినవాడు తానే. ఆ నిజమును దాచుకొనక ఒప్పుకొనుట, నా యెరుకలో, అతడు చేసిన పనులన్నిటిలో కష్టమైనది.

ఆ మే నెలలో శాల ద్వారమున క్లోరిన్ సున్నపు నీటి తొట్టి పెట్టించెను. అది నేడు బావులలో చల్లు బ్లీచింగ్ పొడి జాతిదే. చేతులు కడుగనివారికి లోపల ప్రవేశము లేదు. ఏప్రిలులో నూటికి 18 మంది చనిపోయిన చోట జూన్‌లో ఇద్దరు, జూలైలో ఒక్కరు. అక్టోబరులో కుళ్లిన పుండు గల యొక రోగిని ముట్టి, చేతులు మరల కడుగకయే తక్కినవారిని పరీక్షింపగా, పండ్రెండుమందిలో పదునొకండుగురు మరణించిరి. అంతట ప్రతి రోగికిని నడుమ చేతులు కడుగవలెనని కట్టడి చేసెను.

తమ చేతులే చంపినవనుట అనేక వైద్యులకు రుచింపలేదు. 1849లో అతని యుద్యోగము పోయెను. పెస్టు నగరమున రోకస్ ఆసుపత్రిలో మరణములను నూటికి ఒకటికంటె తక్కువకు దించెను గాని, గ్రంథము వ్రాయుటకు 1861 వరకు జాగు చేసెను. పిదప తన్ను నమ్మనివారిని హంతకులని బహిరంగ లేఖలలో నిందించెను. ఆ కోపము న్యాయమైనదే యైనను, అతని పక్షమునకు మేలు చేయలేదు.

1865 జూలైలో మతి చలించినదని వియన్నాలోని పిచ్చాసుపత్రిలో చేర్చిరి. అచ్చటి కావలివారు కొట్టిరని చెప్పుదురు. గాయము కుళ్లి, విషము రక్తమున వ్యాపించి, ఆగస్టు 13వ తేదీన తన నలుబదియేడవ యేట, మిత్రుడు చనిపోయిన తీరుననే చనిపోయెను. అంతకు ముందు దినముననే గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు, కాలు విరిగిన యొక బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లముతో కట్టు కట్టియుండెను. ఆ బాలుడు బ్రదికెను.