జూల్ వెర్న్ చరిత్రము – కెప్టెన్ నెమో మనోమర్మము

కథలు చదువువారు కథ ముగిసినంతమాత్రమున ఊరకుండరు. కథలోని మనుష్యుడు అట్లేల చేసెనో, వాని మనస్సున నున్నది పగయో దయయో తెలియగోరి తమలో తాము వాదించుకొందురు. చలనచిత్రములును టెలివిజను ధారావాహికలును వచ్చిన పిమ్మట ఇట్టి వాదములు హెచ్చినవే గాని తగ్గలేదు. విజ్ఞానము నాధారముగా గొని అల్లిన కథలలో ఈ విధమైన వాదమునకు నూటయేబది యేండ్లుగా గురియగుచున్నవాడు కెప్టెన్ నెమో. సముద్రగర్భమున తన నౌకలో సంచరించు ఈ కల్పిత పురుషుని సృజించినవాడు ఫ్రెంచి రచయితయగు జూల్ వెర్న్. నెమో మనస్సును గూర్చిన వాదము చదువరులలో పుట్టుటకు ముందే రచయితకును ప్రచురణకర్తకును నడుమ పుట్టినదన్న సంగతి చాలమంది యెఱుగరు. దానిని మన విద్యార్థులకు దెలుపుటకై వెర్న్ మహాశయుని జీవితమును సంగ్రహముగా వ్రాయ బూనితిమి.

జూల్ వెర్న్ క్రీ. శ. 1828 వ సంవత్సరము ఫిబ్రవరి 8 వ తేదీన ఫ్రాన్సు దేశములోని నాంత్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము లువార్ నదీతీరమున నున్న రేవు. తండ్రి పియేర్ వెర్న్ న్యాయవాది, తల్లి సోఫీ. ఐదుగురు సంతానములో జూల్ పెద్దవాడు. తమ్ముడు పోల్ పెరిగి నావికాదళమున ఉద్యోగియయ్యెను. దూరదేశములనుండి వచ్చు ఓడలను చూచుచు పెరిగిన బాలునికి సముద్రముమీద మక్కువ కలుగుటలో వింత లేదు. పదునొకండవ యేట ఇల్లు విడిచి ఓడయెక్కి పారిపోబోగా తండ్రి వెదకి తెచ్చెనని యొక కథ ప్రచారములో నున్నది గాని, దానిని పరిశోధకులు పూర్తిగా నమ్మరు.

తండ్రి కోరికపై వెర్న్ పారిస్ నగరమునకు బోయి న్యాయశాస్త్రము చదివి పట్టము నందెను. కాని అతని మనస్సు నాటక రచనయందే లగ్నమై యుండెను. తండ్రి వృత్తిని చేపట్టుమన్నను వినక, ఒక నాటకశాలలో కార్యదర్శిగా కొలువు చేసెను. 1857 లో ఓనొరీన్ అను వితంతువును వివాహమాడి, ఆమె యిరువురు కుమార్తెలకును తండ్రియయ్యెను. సంసార పోషణకై పారిస్ వాటాల బజారులో పని చేయుచు, తీరిక వేళల రచన సాగించుచు, గ్రంథాలయములలో భూగోళ, భౌతిక, ఖగోళ శాస్త్రములు చదివి వివరములను వ్రాసికొనుచుండెను. ఈ ఓర్పే పిమ్మట అతనికి అక్కఱకు వచ్చినది.

1862 లో అతనికి పియేర్ జూల్ హెట్జెల్ అను ప్రచురణకర్తతో పరిచయము కలిగెను. హెట్జెల్ సామాన్య వర్తకుడు కాడు. 1851 లో ఫ్రాన్సున ప్రజాస్వామ్యము కూలద్రోయబడినప్పుడు దేశము విడిచిపోయి, కొన్నియేండ్లు ప్రవాసమున గడపిన ధీరుడు. ఇతని ప్రోత్సాహముతో వెర్న్ వ్రాసిన, బెలూనులో ఆఫ్రికాపై ప్రయాణముచేసిన వారి కథ 1863 లో వెలువడి రచయితకు కీర్తి తెచ్చెను. భూమి నడిబొడ్డునకు దిగినవారి కథ 1864 లోను, చంద్రునివైపు ఫిరంగిగుండులో పయనమైన వారి కథ 1865 లోను వచ్చినవి. బాలుర చదువునకై హెట్జెల్ నడపిన పత్రికలో వెర్న్ నవలలు భాగములుగా వెలువడుచు, పిమ్మట పుస్తకములగుచుండెను.

1867 లో వెర్న్ తమ్మునితో గూడ గ్రేట్ ఈస్టరన్ అను మహానౌకనెక్కి అమెరికాకు బోయి వచ్చెను. తర్వాత సెయింట్ మిషెల్ అను చిన్న ఓడను కొని, దానియందే కూర్చుండి వ్రాయుచుండెను. ఇట్లు సముద్రముతోడి సహవాసమున రూపొందినదే సముద్రగర్భమున ఇరువదివేల లీగులు అను నవల. ఇది 1869 మార్చి మొదలు 1870 జూన్ వరకు పత్రికలో ప్రకటితమయ్యెను. పేరులోని ఇరువదివేల లీగులు సముద్రపు లోతు కాదు, నీటిక్రింద చేసిన ప్రయాణపు దూరము. ఆరొనాక్స్ అను పండితుడును, అతని సేవకుడు కాన్సైయును, తిమింగిలముల వేటగాడు నెడ్ లాండును నాటిలస్ అను జలాంతర్గామి నౌకలో బందీలగుదురు. ఆ నౌక 70 మీటర్ల పొడవు గలది; విద్యుచ్ఛక్తితో నడచును; అందలి గ్రంథాలయమున 12,000 పుస్తకములు గలవు. దాని యజమాని నెమో. లాటిన్ భాషలో ఆ మాటకు ఎవ్వడును కాడని యర్థము.

ఇంతటి పండితుడు మానవ సమాజమును విడిచి సముద్రమున దాగుటకును, ఓడలను ముంచుటకును కారణమేమి? ఇచ్చటనే మిత్రులిద్దఱకును భేదాభిప్రాయము కలిగెను. వెర్న్ మొదట తలపోసిన నెమో పోలండు దేశపు ప్రభువంశీయుడు. రష్యా చక్రవర్తిపై 1863 లో పోలండు ప్రజలు తిరుగుబాటు చేయగా దానిని కఠినముగా నణచిరి. ఆ ఘోరములో భార్యాబిడ్డలను గోల్పోయినవాడు రష్యా ఓడను ముంచినచో చదువరి అతని మనస్సు నెఱుగగలడని రచయిత తలంపు. హెట్జెల్ దీనికి సమ్మతింపలేదు. ఆ కాలమున ఫ్రాన్సు ప్రభుత్వమునకు రష్యాతో మైత్రి యుండెను. వెర్న్ పుస్తకములు రష్యాలో చాల అమ్ముడుపోవుచుండెను. నెమోను బానిసల వర్తకముపై పగబట్టిన వానిగా మార్చుమని అతడు సూచించెను. కాని అమెరికాలో బానిసత్వము 1865 లోనే రద్దయియుండెను. ఆ పగ నెమోకు తగదని వెర్న్ నిరాకరించెను. తుదకు ఇరువురును ఒక మధ్యమార్గమున కొప్పుకొనిరి. నెమో దేశమును చెప్పకుండుటయే ఆ మార్గము.

అందువలననే ఆ గ్రంథమున ఎవరి పక్షమునకైనను సాక్ష్యము దొరకును. నెమో దయాళువనువారు మన్నారు సింధుశాఖలోని ఘట్టమును చూపుదురు. అచ్చట ముత్యములకై మునిగిన బీద భారతీయుని సొరచేప పట్టబోగా నెమో కత్తితో దాని నెదిరించి, పిమ్మట ఆ దీనునికి ముత్యముల సంచి నిచ్చును. టర్కీ ప్రభుత్వముపై తిరుగుబాటు చేసిన క్రీటు ద్వీపవాసులకు బంగారము పంపును. అతని గదిలో వాషింగ్టన్, లింకన్, జాన్ బ్రౌన్ మొదలగు స్వాతంత్ర్యవీరుల చిత్రపటము లుండును. నెమో క్రూరుడనువారు చివరి ఘట్టమును చూపుదురు. జెండా లేని యుద్ధనౌకను నాటిలస్ పొడిచి, అందలి మనుష్యులందఱితోడ ముంచివేయును. అట్లు చేసిన పిమ్మట నెమో తన గదిలో ఒక స్త్రీయు ఇద్దఱు బిడ్డలును గల చిత్రము ముందు మోకరిల్లి యేడ్చును. ఆరొనాక్సునకు సైతము అతడు ధర్మవీరుడో హంతకుడో తేలలేదు.

సమాధానము మఱి నాలుగేండ్లకు, 1874, 1875 సంవత్సరములలో వెలువడిన రహస్యద్వీపము అను నవలయందు వచ్చెను. అమెరికా అంతర్యుద్ధమునుండి బెలూనులో తప్పించుకొనిన ఐదుగురు ఒక నిర్జన ద్వీపమున పడుదురు. కంటికి కనబడని యుపకారి యొకడు వారికి పనిముట్ల పెట్టె పంపును, జ్వరమునకు మందిచ్చును, దొంగల ఓడను నాశనము చేయును. తుదకు గుహలో వృద్ధుడైన నెమో దర్శనమగును. అతడు భారతీయుడట! బుందేలుఖండపు రాజకుమారుడు, టిప్పు సుల్తానుకు మేనల్లుడు, పేరు దక్కర్. 1857 నాటి పోరాటమున ఆలుబిడ్డలను గోల్పోయి సముద్రమును శరణు జొచ్చినవాడు. వెర్న్ భారతదేశమును ఎన్నడును చూడలేదు. మైసూరు సుల్తానునకును బుందేలుఖండమునకును చుట్టరికము కల్పించుటలో చరిత్ర కుదురలేదు. రెండు నవలలలోని సంవత్సరములును పొసగవు. అయినను పోలండునకు దక్కని గౌరవము మన దేశమునకు దక్కినది.

మరణశయ్యపై నెమో తన్ను గూర్చి తీర్పు చెప్పుమని కోరును. గతించిన కాలమును తిరిగి తేగలనని నమ్మి, రావలసిన అభివృద్ధితో పోరాడుటయే అతని తప్పిదమని సైరస్ స్మిత్ అను ఇంజనీరు చెప్పి, తుది న్యాయము దేవునికే విడుచును. పిమ్మట నెమో దేవుని, స్వదేశమును స్మరించుచు కన్నుమూయును. కాని వెర్న్ వ్రాతప్రతిలో అతని చివరి మాట స్వాతంత్ర్యము అనియే యుండెననియు, ఇచ్చటను హెట్జెల్ చేయి పడినదనియు పరిశోధకులు తేల్చిరి. ఇంగ్లీషు భాషాంతరము 1875 లో వెలువడినప్పుడు మఱియొక మార్పు జరిగెను. బ్రిటిషు పాలనపై నెమో పలికిన కఠినమైన మాటలు మార్చబడి, ఆ పాలనను మెచ్చుకొను రీతిగా దిద్దబడినవి. కనుక ఆ ప్రతిని మాత్రమే చదివిన మన పూర్వులు తమ దేశీయుడైన నెమో మనస్సును ఇతరులు దిద్దిన రూపమున చూచిరి.

వెర్న్ 1871 మొదలు అమియేన్ పట్టణమున నివసించెను. ఎనుబది దినములలో భూప్రదక్షిణము చేసినవారి కథను 1872 లో ప్రకటించెను; అందు బొంబాయినుండి కలకత్తా వరకు ప్రయాణము వర్ణింపబడినది. 1886 మార్చి 9 వ తేదీన మతిచలించిన తమ్ముని కుమారుడు తుపాకి కాల్చగా వెర్న్ కాలికి గాయమై, అతడు జీవితాంతము కుంటుచుండెను. ఎనిమిది దినములకే హెట్జెల్ మరణవార్త వచ్చెను. అన్ని వాదములు జరిగినను వారి స్నేహము ఇరువది నాలుగేండ్లు చెడలేదు. 1888 నుండి వెర్న్ పురపాలక సంఘ సభ్యుడై పట్టణమునకు సేవచేసెను. 1905 మార్చి 24 వ తేదీన, 77 వ యేట, మధుమేహ వ్యాధిచే పరమపదించెను.

నెమో మాత్రము చావలేదు. అమెరికావారు 1954 లో జలప్రవేశము చేయించిన మొదటి అణుశక్తి జలాంతర్గామికి నాటిలస్ అని పేరిడిరి. ఆ యేటనే డిస్నీ సంస్థ తీసిన చలనచిత్రములో నెమో మఱల దేశము చెప్పబడని వాడయ్యెను. 2024 లో ప్రసారమైన నాటిలస్ అను టెలివిజను ధారావాహికలో అతడు తిరిగి భారతీయ రాజకుమారుడై, ఈస్టిండియా కంపెనీవారి బంధమునుండి నౌకతో సహా తప్పించుకొనును. ఒక్కొక తరము నెమోకు ఒక్కొక హేతువును చెప్పుచున్నది. చూచువారు వాదించుచునే యున్నారు.

ఈ వాదమున మా తలంపును చెప్పి ముగించెదము. ఇంజనీరు తీర్పులో మొదటి భాగమును మేమంగీకరింపజాలము. స్వాతంత్ర్యము గతించిన కాలపు వస్తువు కాదని 1947 వ సంవత్సరము రుజువు చేసినది. నెమో కోరినది న్యాయమైనదే. అయినను మునిగిన ఓడలోని నావికులకును ఇండ్లలో భార్యాబిడ్డలు లేరా? తన బిడ్డలకై యేడ్చువాడు ఇతరుల బిడ్డలను తండ్రిలేని వారిగా చేయుట న్యాయమగునా? దుఃఖము పగకు కారణము చెప్పగలదు గాని, పగను పుణ్యముగా మార్చలేదు. వెర్న్ ఈ సంగతి నెఱుగును. అందుచేతనే ఓడ మునిగిన పిమ్మట నెమోచే జయగీతము పాడింపక కన్నీరు కార్పించెను.

బాలబాలికలారా! మీరు కథాపురుషులను గూర్చి తప్పక వాదింపుడు. అది బుద్ధికి మంచి సాధన. కాని మీ చేతిలోని ప్రతి రచయిత వ్రాసినదో, ఇతరులు దిద్దినదో ముందు విచారింపుడు. అట్లే మీ తోటివానిని గూర్చి తీర్పు చెప్పబోవునప్పుడును, అతడు చెప్పుకొనని దుఃఖమేదైన నున్నదేమో యని కొంత తాళుడు. అతని తప్పును తప్పనియే చెప్పుడు. అతని కన్నీటిని మాత్రము మఱువకుడు.