పాట మీద హక్కు అడిగిన లావెర్న్ బేకర్

చేగుంట నుంచి హైదరాబాద్ పోయే దారిలో తూప్రాన్ వస్తుంది. గద్దర్ ఊరు. ‘మా భూమి’ సినిమాలో నైజాం సర్కారును నిలదీస్తూ ఆయన పాడిన పాటను మన సభల్లో ఇప్పటికీ పాడుకుంటున్నాం. దాన్ని కట్టిన బండి యాదగిరి పేరు మాత్రం మనలో ఎంతమంది చెప్పగలం? పాట ఎవరిది, పేరూ పైసా ఎవరికి అన్న పేచీని అమెరికాలో ఒక నల్లజాతి గాయని చట్టసభ గడప దాకా తీసుకుపోయింది. ఆమె లావెర్న్ బేకర్.

1929లో షికాగోలో పుట్టింది. టీనేజీలోనే క్లబ్బుల్లో పాడింది. అక్కడ ఆమెకు తగిలించిన పేరు ‘లిటిల్ మిస్ షేర్‌క్రాపర్’. షేర్‌క్రాపర్ అంటే దొర భూమిలో పంట వాటాకు చాకిరీ చేసే మనిషి. పేదరికానికి వేషం కట్టించి టికెట్లు అమ్ముకోవడం మనకూ తెలిసిందే.

1955లో ఆమె ‘ట్వీడిల్ డీ’ పాట హిట్టయింది. వెంటనే జార్జియా గిబ్స్ అనే తెల్ల గాయని అదే పాటను, అదే పోకడతో, దాదాపు మక్కీకి మక్కీ పాడి రికార్డు చేసింది. బేకర్ పాట పాప్ జాబితాలో 14వ స్థానం దగ్గర ఆగితే గిబ్స్ పాట 2వ స్థానానికి ఎక్కింది. 1909 నాటి కాపీరైట్ చట్టం పాట రాసినవాళ్లకు డబ్బు ఇప్పించేది. పాడిన తీరుకు, వాయిద్యాల కూర్పుకు ఏ రక్షణా లేదు. బేకర్ మిషిగన్ ప్రతినిధి చార్లెస్ డిగ్స్‌కు లేఖ రాసింది. అదే ఏడాది ఎమ్మెట్ టిల్ హత్య కేసు విచారణ చూడటానికి మిసిసిపీ వెళ్లిన నల్లజాతి సభ్యుడాయన. తన పాటను ఇంకొకరు పాడటం మీద ఆమెకు అభ్యంతరం లేదు. ఉన్నదున్నట్టు దించుకోవడం మీదే. చట్టం మాత్రం కదలలేదు.

పరాయి పాటను ఎలా పాడాలో 1958లో ఆమే చూపించింది. బెస్సీ స్మిత్ పాటలు 12 తీసుకుని ఒక ఆల్బమ్ చేసింది. అట్ట మీదే బెస్సీ పేరు వేయించింది. గొంతు మాత్రం తనదే, ఎక్కడా అనుకరణ లేదు. మాకు ఆమె హిట్ పాటలకన్నా ఈ ఆల్బమే ఎక్కువ ఇష్టం. 1937లో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన బెస్సీ సమాధికి అప్పటికి రాయి కూడా లేదు. 1970లో గానీ పెట్టలేదు.

తర్వాత బేకర్ ఫిలిప్పీన్స్‌లోని అమెరికా సైనిక స్థావరంలో ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయింది. 1988లో తిరిగొచ్చింది. 1991లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. షుగర్ వ్యాధితో రెండు కాళ్లూ తీసేశాక కూడా చక్రాల కుర్చీలో కూర్చుని పాడింది. 1997 మార్చి 10న న్యూయార్క్‌లో కన్నుమూసింది. ఆమె సమాధికీ రాయి లేదు. స్థానికులు చందాలు పోగేసి 2008లో పెట్టించారు.